వీరన్న లేని కోట

రండర్రా, దగ్గరికి రండి. ఇసుక దులుపుకుని కూర్చోండి. అమ్మడి పలక మీద బొమ్మ ఎవరు చెరిపారో నాకు చెప్పొద్దు. ఎవర్నీ కొట్టను. ఇలా నా పక్కకి రా అమ్మడూ.

మన ఆర్యపల్లిలో వలలు అల్లే జగ్గన్న లేడూ? అతని చేతిలో ఒకప్పుడు కుంచె ఉండేదంటే నమ్ముతారా?

అంకులిలో పింగాణీ బట్టీ ఉండేది. తెల్లటి బిళ్ళల మీద జగ్గన్న చేత్తో బొమ్మలు వేసేవాడు. ఓ దొరగారు తన హాలు గోడకి గంజాం పాతకోట కావాలన్నారు. ఇరవై బిళ్ళలు పక్కపక్కన పేరిస్తే కోట. నెల్లాళ్ళు వేశాడు పాపం. కింద కోట పేరు రాయడానికి ఒక పంతుల్ని పిలిచారు.

కోట కింద సముద్రం. అందులో పడవ. పడవలో తెడ్డు పట్టుకుని జగ్గన్న తమ్ముడు వీరన్న.

అంతకుముందు ఏడాది, సముద్రం పొంగుమీద ఉంటే, ఆ దొరగారి పెట్టెలే ఓడకి చేర్చమని వీరన్నని బలవంతాన పంపారు. మరి రాలేదు. శవమైనా దొరకలేదు. తల్లి జగ్గమ్మది ఒకటే మాట: "ఒక్కపాలి ఆడి మొకం సూడాలిరా." చూపిస్తానని జగ్గన్న మాటిచ్చాడు.

దొర గుమాస్తా వైకుంఠరావు ఆ మొహం పోల్చుకున్నాడు. "సాయంత్రం బట్టీ ముట్టించేలోగా వాణ్ణి తీసెయ్యి. లేదా ఇరవై బిళ్ళలూ పగలగొట్టిస్తాను."

"పగలగొట్టీండి బాబూ," అన్నాడు జగ్గన్న. "ఆడు నేని కోట నాకేటికి?" అనేసి బట్టీకి కట్టెలు తేవడానికి వెళ్ళిపోయాడు.

కాల్చకముందు ఆ రంగు ఉత్త పొడి, తెలుసా? తడిగుడ్డ తగిలితే పోతుంది. కాలిందంటే మేకుతో గీకినా పోదు.

పంతులు గుడ్డ తడిపాడు. పడవ తుడిచాడు. వీరన్నని తుడిచాడు. ఆ చోట నీలం పులిమాడు. జగ్గన్న వచ్చేసరికి కూలీలు బిళ్ళలు బట్టీలోకి ఎక్కించేశారు.

మూడోనాడు బట్టీ తెరిచారు. జగ్గమ్మ ఆర్యపల్లి నుంచి నడిచొచ్చింది. చూపు ఆనదు, బిళ్ళలన్నీ తడిమింది. "ఈరన్నేడిరా?"

పడవ ఉండాల్సిన చోట జగ్గన్నకి నీలమే కనబడింది. తల్లి వేలు పట్టుకుని నీలం మీద పెట్టాడు. "ఇక్కడే అమ్మా. నీటి కింద."

ఆవిడ అక్కడే నిమురుతూ కూర్చుంది.

ఏమిటలా చూస్తారు? ఆ పంతుల్ని నేనే. జగ్గన్న కూడు పోకూడదని చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది కాదర్రా. నా అక్షరాలు దొర గోడ మీద ఉండాలనిపించింది. ఉన్నాయి కూడా, ముత్యాల్లా.

జగ్గన్న మళ్ళీ కుంచె పట్టలేదు. ఎదురుపడితే ఇవాళ్టికీ "దండం మేష్టారూ" అంటాడు. తెలిసే అంటాడో, తెలియక అంటాడో. అడిగే ధైర్యం నాకు లేదు.

వెళ్ళండి. అన్నాలు చల్లారిపోతున్నాయి, తినండి.