తెల్ల దుప్పటి

పూర్ణా మార్కెట్‌లోని దుప్పట్ల కొట్టులో కోడలు ముదురు నీలం దుప్పటి తీసి బల్ల మీద పరిచింది. రెండేళ్ల మనవరాలు ముసలాయన భుజం మీద దగ్గుతోంది.

“ఇది బాగుంది మావయ్యా, పాప మద్దేన్నం పడుకోడానికి. మందంగా ఉంది. ఎన్నిసార్లు ఉతికినా రంగు పోదంట.”

“తెల్లది తియ్యి.”

“తెల్లదేటి? మనింట్లో కిటికీ తీస్తే పోర్టు బొగ్గు దుమ్మే కదా. పొద్దున్న పరిస్తే మద్దేన్నానికి మసిగుడ్డ అయిపోతాది.”

“అవనీ.”

“ఉతికేది నాను. మీరేటి, అవనీ అనేస్తారు.”

“మీ అత్తకి నల్ల రగ్గే కొన్నాం. మురికి కనపడదని మురిసిపోయింది. దాని కిందే దగ్గింది, పోయేదాకా. దుమ్మెంత పడిందో ఎవుడికీ కనపడలేదు.”

కోడలు తల వంచుకుంది.

“ఇల్లు మారమని డాక్టరు సెప్పాడా, లేదా?”

“సెప్పారు. మీ అబ్బాయేమో వట్టి జలుబే అంతన్నారు. పోర్టులో డ్యూటీకి దగ్గరని ఆ ఇల్లు వదలరు.”

“ఆళ్లమ్మకీ జలుబే అన్నాడు.”

ఆమె పాప నోరు కొంగుతో తుడిచింది.

“అందుకే తెల్లది. రేతిరి ఆడు తిండికి కూకుంటే కంచం పక్కన పరుస్తాను. పిల్ల మీద పడ్డ దుమ్ము సూసుకుంటా తింటాడు.”

ఆమె నీలం దుప్పటి మడిచి పక్కన పెట్టింది. తెల్లదాని అంచు లాగి, కుట్టు గట్టిదో కాదో చూసింది.

“రోజూ ఉతకాలి మావయ్యా.”

“ఉతుకు. ఆడు సూసినాకే ఉతుకు.”