ఫ్నోంపెన్‌కు ఇద్దరు

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర ఫ్రాన్సిస్ నడిపే ట్రావెల్స్ ఆఫీసు. పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చిన కమలాకుమారి అతని ఎదుట కుర్చీ అంచున కూర్చుంది. భర్త బుల్లిబాబు లోపలికి రానని బయట బల్ల మీదే ఉండిపోయాడు.

"అంటే, కంబోడియాయే కావాలంటారు."

"అదే. ఫ్నోంపెన్. వారం రోజులు, మా ఇద్దరికీ."

"పేరు బాగానే పట్టుకున్నారమ్మా, నాకే నోరు తిరగదు. మనవైపు వాళ్లంతా బ్యాంకాకో సింగపూరో అంటారు. ఈ ఊరు అడిగింది మీరే."

"ఏం, బాగుండదా?"

"బాగుండకేం. ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు. మన యానాం లాగా అనుకోండి, కాకపోతే దేశానికి రాజధాని. పసుపురంగు పోస్టాఫీసు, నది ఒడ్డున పాతకాలం మేడలు, పెద్ద గుమ్మటం కట్టిన మార్కెట్టు. మొదటి రోజు రాజుగారి కోట చూపిస్తారు, రెండో రోజు..."

"అవన్నీ వరసగా కాగితం మీద కొట్టివ్వండి. అక్కడ అడిగితే చూపించాలిగా."

"ఎవరడుగుతారు?"

"అదే... ఎయిర్‌పోర్టులో. ఎందుకొచ్చారంటే ఊరు చూడ్డానికొచ్చాం అని చెప్పాలిగా."

"చూడ్డానికేగా వెళ్తోంది?"

"చూడ్డానికే."

"కాఫీ తాగండి, చల్లారిపోతోంది."

"వద్దు బాబూ. ఎండన పడొచ్చాం కదా."

"నా మాట విని కొన్నాళ్లు ఆగండమ్మా. మిరపకోతలు కానివ్వండి. పంట చేతికొచ్చాక అయితే మీకు కూడా తీరిగ్గా..."

"కోతలు ఎట్లా అయితే అట్లా అవుతాయి. ఈ వారమే వెళ్లాలి."

"చెట్టు మీద కాయ వదిలేసి టూరుకెళ్లే రైతుని ఇప్పుడే చూస్తున్నా."

"మా మరిదికి అప్పజెప్పాం. టిక్కెట్లు వేస్తారా, ఇంకో చోట అడగమంటారా?"

"వేస్తానమ్మా, వేస్తా. బాబాయిగారు అంత తిరగ్గలరా? మెట్లెక్కేటప్పుడు చూశా, మోకాళ్లు పట్టుకుంటున్నారు."

"కూర్చుని చేసే పనైతే ఎంతసేపైనా చేస్తారు."

"టూరులో పనేంటమ్మా?"

"మాటవరసకన్నా."

"సరే, ఎయిర్‌పోర్టుకి కారు మాట్లాడతా. వారమంతా అదే తిప్పుతుంది."

"కారొద్దు. వాళ్లే వచ్చి తీసుకెళ్తారు."

"వాళ్లెవరు?"

"తెలిసినవాళ్లు."

"మనోళ్లా?"

"తెలిసినవాళ్లన్నాగా. హోటలు కూడా పేరుకి ఒకటి రాయండి చాలు."

"పేరుకి అంటే? మరి పడుకునేది ఎక్కడ?"

"ఎక్కడో అక్కడ పడుకుంటాం. మీకెందుకు బాబూ అన్నీ?"

"ఎందుకంటే, ఆ దేశం పేరెత్తితే నాకు భయమమ్మా. ఉద్యోగమని చెప్పి, టూరిస్టు వీసా మీద తీసుకెళ్లి, గదుల్లో పెట్టి, ఫోన్లలో జనాన్ని మోసం చేయిస్తున్నారంట. చెయ్యనంటే కొడతారంట. పేపర్లో రోజూ వస్తోందిగా."

"మా వయసు వాళ్లకి ఉద్యోగం ఎవరిస్తారు?"

"మీకని కాదు. మీవాళ్లు ఎవరన్నా అక్కడ... అమ్మా. అమ్మా, ఏడవకండి. బాబాయిగార్ని పిలవనా?"

"వద్దు వద్దు. పొద్దుట్నుంచీ ఏడ్చి ఏడ్చి ఇప్పుడే తెరిపిన పడ్డాడు. ఆయన్ని కదపొద్దు."

"ఎవరమ్మా, కొడుకా?"

"కల్యాణ్. వాడొక్కడే మాకు. ఇంజనీరింగ్ అయ్యి రెండేళ్లు ఇంట్లోనే ఉన్నాడు. ఎవరన్నా ఏం చేస్తున్నాడని అడిగితే గదిలోకెళ్లి తలుపేసుకునేవాడు. ఎవరో ఉద్యోగమన్నారు, కంప్యూటర్ పనన్నారు. దసరా వెళ్లాక వెళ్లాడు. కొత్త చొక్కాలు నేనే ఇస్త్రీ చేసి పెట్టా."

"ఫోన్ చేస్తున్నాడా?"

"వాళ్లు చేయించినప్పుడు. మొన్న వీడియోలో కనిపించాడు. ఎడమచెయ్యి ఎత్తలేకపోతున్నాడు. అన్నం తిన్నావా నాన్నా అనడిగితే, పక్కనెవర్నో చూసి, వాళ్లు ఏమన్నారో ఏమో, అప్పుడు తిన్నానన్నాడు."

"పోలీసులకి చెప్పారా?"

"చెప్పాం. విజయవాడలో కాగితాలిచ్చాం, ఢిల్లీకి కూడా పంపారు. చేస్తున్నామంటున్నారు, చేస్తున్నారు కూడా. వాళ్లు చేసేదాకా వీడు ఉండాలిగా. ఈ ఆదివారం దాటితే ఇంకొకళ్లకి అమ్మేస్తారంట. సంతలో గొడ్డుని అమ్మినట్టు. అమ్మేస్తే ఏ దేశంలో ఉంటాడో కూడా తెలీదు."

"డబ్బేమన్నా అడుగుతున్నారా?"

"డబ్బొద్దన్నారు."

"మరి మీరెళ్లి ఏం చేద్దామని? కాళ్లు పట్టుకుంటే వదులుతారా వాళ్లు? గేటు కూడా దాటనివ్వరమ్మా."

"దాటనిస్తారు."

"భాష రాదు, దారి తెలీదు..."

"ఆయనకి హిందీ వచ్చు. పెళ్లికి ముందు లారీ మీద దేశమంతా తిరిగినవాడు. నేను టైపింగు నేర్చుకున్నా, నందిగామ వెళ్లి."

"టైపింగా? టైపింగు దేనికమ్మా?"

"అక్కడ పనికొస్తుందని."

"అమ్మా, నన్ను కూడా మీ కల్యాణ్ లాగే అనుకోండి. వాళ్లు ఏమడిగారు?"

"మనుషుల్ని."

"ఏంటి?"

"ఇద్దర్ని పంపితే ఒకణ్ణి వదులుతారంట. చదువుకుని ఖాళీగా ఉన్నవాళ్లు ఊళ్లో ఉంటారుగా అమ్మా, ఉద్యోగమని చెప్పి పంపు అన్నాడు. ఎవరో కాదు, నా కొడుకే. నా కడుపున పుట్టినవాడు అంత మాటన్నాడంటే, వాణ్ణి ఎంత కొట్టుంటారు బాబూ?"

"మీరేమన్నారు?"

"ఏమంటాను. మా వీధిలో అట్లాంటి పిల్లలిద్దరున్నారు. అడుగుదామని ఒకళ్ల గుమ్మం దాకా వెళ్లా. వెళ్లాను, అబద్ధమెందుకు. ఆ పిల్లాడే ఎదురొచ్చాడు. పెద్దమ్మా, కల్యాణ్ ఫోన్ చేశాడా, అక్కడ బాగుందన్నాడా, నాకు కూడా ఏదన్నా చూడమని చెప్పవా అన్నాడు."

"చెప్తానన్నారా?"

"లేదు. తిరిగొచ్చేశా."

"అయితే ఈ టిక్కెట్లు... అమ్మా, నా వంక చూసి చెప్పండి. ఇవి ఆ పిల్లలకా? రేపు పేర్లు మార్చమంటారా నన్ను?"

"లేదు బాబూ. ఎవరికని కడుపుకోత పెట్టను? మా ఇద్దర్నీ తీసుకుని వాణ్ణి వదిలెయ్యమని అడిగా. రమ్మన్నారు."