ఎనిమిది దరువుల నిశ్శబ్దం: డెస్మండ్ క్రాడాక్ గారి నలభై ఏడేళ్లు

వెయ్యిన్ని తొమ్మిదివందల డెబ్భై అయిదు సెప్టెంబరు పదిహేనో తేదీ సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు, లండన్ కార్డర్ వీధిలోని మన స్టూడియోలో టేపు సహాయకుడిగా డెస్మండ్ క్రాడాక్ గారు చేరారు. వయసు పద్దెనిమిది. వుల్వర్‌హాంప్టన్ నుంచి వచ్చిన ఆయనకు ఉన్నది ఒకటే కోటు. మొదటి రోజు చేసిన పని టేపులు చుట్టడం, పెట్టెల మీద పేర్లు రాయడం, అడిగినవారికల్లా టీ తెచ్చివ్వడం. ఈ నెల ముప్పయ్యో తేదీన ప్రధాన ఇంజినీరుగా పదవీ విరమణ చేయబోతున్న ఆయన, ఈ నలభై ఏడేళ్లలో మొదటి రెండు పనులూ ఏనాడూ మానలేదు. మూడోది మాత్రం చేరిన ఏడు నెలలకే మానేశారు.

కంట్రోల్ రూములోకి టీ తేకూడదన్న ఆయన నియమం మనందరికీ తెలుసు. దేశమంతా ఎరిగిన గాయకులు కూడా కప్పు పట్టుకుని నడవాలో నిలబడి తాగినవారే. "డెస్, ఒక్క గుక్కే మిగిలింది" అని ఎవరైనా బతిమాలితే, "ఆ గుక్క బయట తాగి రండి" అనేవారు. అది యంత్రాల మీది భక్తి అనుకున్నాం. కారణం నాలుగేళ్ల కిందట బయటపడింది. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే. ఆయన అనుమతితోనే రాస్తున్నది.

ఎనభై ఒకటిలో ఆయన ఇంజినీరయ్యారు. తొంభై నాలుగులో, ఇక అంతా కంప్యూటర్లే కదా, పాత టేపులు పారేద్దామని యాజమాన్యం అన్నప్పుడు, మూడు వేల పైచిలుకు టేపులను సెలవు రోజుల్లో తానే మోసి, చెమ్మ తగలని నేలమాళిగలో సర్దారు. అప్పుడు నవ్వినవారే పదేళ్లు తిరక్కుండా ఆ తాళంచెవి కోసం ఆయన చుట్టూ తిరిగారు. డెబ్భైల నాటి రాక్ ఆల్బములను, గొంతు, వాయిద్యాల పాళ్లు మార్చి కొత్తగా మిక్స్ చేసి మళ్లీ విడుదల చేసే రోజులు వచ్చాయి. ఒక్కో వాయిద్యానికీ విడివిడి ట్రాకులున్న అసలు టేపులు లేనిదే ఆ పని జరగదు.

అలాంటి మిక్సులు ఆయన ఆరు చేశారు. పాతదానికన్నా కొత్తది మెరుగేనా అని అడిగితే సూటిగా జవాబు చెప్పేవారు కారు. పాత మిక్సులో గిటార్ల కింద నలిగిపోయిన డ్రమ్ములు కొత్తదాంట్లో ఎదురుగా వచ్చి కూర్చుంటాయి. గాయకుడు ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. అది విని కళ్లు తుడుచుకున్నామని కొందరు రాసేవారు. నేను పెరిగిన గదికి మీరు వెళ్లి కొత్త రంగు వేసి వచ్చారు, మా గోడ మీది మరక ఏది అని గ్రిమ్స్‌బీ నుంచి ఒకామె రాశారు. రెండు రకాల ఉత్తరాలకూ ఆయన చేత్తోనే జవాబు రాసేవారు. గ్రిమ్స్‌బీ ఉత్తరాన్ని మాత్రం తన బల్ల సొరుగులో దాచుకున్నారు.

రెండు వేల పద్దెనిమిది ఏప్రిల్‌లో రికార్డు కంపెనీ నుంచి ఏడో ఆల్బము వచ్చింది. శాండ్‌బార్ బృందం డెబ్భై ఆరులో మన స్టూడియోలోనే చేసిన 'గ్రే ఫెర్రీ'. కంపెనీ పంపిన కాగితం చదవగానే క్రాడాక్ గారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, రెండు రోజులు ఎవరికీ చూపించలేదని సహాయ ఇంజినీరు టెస్సా ప్రింగిల్ చెబుతుంది.

ఆ ఆల్బములో చివరి పాట తెలియని రాక్ అభిమాని ఈ దేశంలో ఉండడు. గొంతు ఆగుతుంది, గిటార్లు ఆగుతాయి, తాళం మోత సన్నగిల్లిపోతుంది. ఆ తర్వాత ఎనిమిది దరువుల పాటు ఏమీ ఉండదు. వట్టి నిశ్శబ్దం. అప్పుడు ఎక్కడి నుంచో ఆర్గన్ లేస్తుంది. ఆ నిశ్శబ్దం మీద వ్యాసాలు వచ్చాయి. పెళ్లిళ్లలోనూ అంత్యక్రియల్లోనూ జనం ఆ నిశ్శబ్దం కోసమే ఆ పాట వేయించుకున్నారు. అదెలా వచ్చిందని అడిగిన ప్రతివారికీ డ్రమ్ములు వాయించిన క్లెమ్ గార్‌ఫోర్త్ ఒకే హాస్యం చెప్పేవారు: "మా తమ్ముడు ఆర్గన్ మీద పడి నిద్రపోయాడు. వాడు లేచేసరికి మేం గొప్పవాళ్లమైపోయాం."

ఆ తమ్ముడు ఐవర్. నేను సమయానికే వాయించాను అని ఆయన మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. "వాయిస్తే టేపులో ఉండదా?" అని అన్న నవ్వేవారు. ఐవర్ తన భాగాన్ని ఒక మధ్యాహ్నం వచ్చి ఒంటరిగా రికార్డు చేసి వెళ్లారు. అప్పుడు అన్న ఊళ్లో లేరు. మిక్స్ చేసేటప్పుడు అన్నదమ్ములిద్దరూ లేరు. టేపు తీసి చూపించమని అడిగితే కంపెనీ ఒప్పుకోలేదు. ఆల్బము నిర్మాత మాండర్ రెండేళ్లకే కన్నుమూశారు. డెబ్భై తొమ్మిదిలో ఐవర్ బృందాన్ని వదిలి హల్ పట్టణానికి వెళ్లిపోయి, పియానోలకు శ్రుతి చేస్తూ, ఆదివారాలు చర్చిలో వాయిస్తూ ఉండిపోయారు. అన్నతో మాటలు లేవు. హాస్యం మాత్రం ఏటా టీవీలో వస్తూనే ఉంది.

నిజం తెలిసిన మనిషి ఒక్కరే మిగిలారు. ఆయన మన నేలమాళిగ తాళంచెవి జేబులో పెట్టుకు తిరుగుతున్నారు.

ఆ కాలంలో మిక్స్ అంటే చేతులతో చేసే పని. పాట నడుస్తూండగా శబ్దాలను పెంచే, తగ్గించే మీటలను వేళ్లతో జరపాలి. తప్పితే మొదటి నుంచి మళ్లీ రావాలి. మాండర్‌కు రెండు చేతులూ చాలక, కుడివైపు చివరనున్న ఆర్గన్ మీటను కుర్రవాడైన క్రాడాక్ గారికి అప్పగించారు. ఎక్కడ ఎత్తాలో మైనపు పెన్సిలుతో గీత కూడా గీశారు. తన టీ కప్పును ఆ పక్కనే బల్ల మీద పెట్టుకున్నారు. సరిగ్గా గొంతు ఆగే చోట, స్పీకర్ల అదురుకు కప్పు జారడం మొదలుపెట్టింది. క్రాడాక్ గారి చేయి మీట వదిలి కప్పును పట్టుకుంది. కప్పు నిలబడింది. ఎనిమిది దరువులు పోయాయి. ఆయన మీట ఎత్తేసరికి, మాండర్ కళ్లు మూసుకుని వింటున్నారు.

"ఇదే. ఇంక ముట్టుకోవద్దు" అన్నారు మాండర్.

నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందని క్రాడాక్ గారు నోరు మూసుకున్నారు. అన్నదమ్ముల గొడవ గురించి విన్న నాటికి, మూసిన నోరు తెరవడం ఇంకా కష్టమైపోయింది.

ఇప్పుడా టేపు బయటికి రావాలి. ఆనాటి టేపులు ముసలివై జిగురెక్కుతాయి. అలాగే తిప్పితే పూత ఊడి యంత్రానికి అంటుకుంటుంది. అందుకని ముందు సన్నని సెగ మీద ఎనిమిది గంటలు కరెంటు పొయ్యిలో ఆరబెట్టాలి. మే ఎనిమిదో తేదీ ఉదయం ఎనిమిదింటికి టేపును పొయ్యిలో పెట్టి, క్రాడాక్ గారు దాని ఎదుట కుర్చీ వేసుకున్నారు. భోజనానికి లేవలేదు. పావుగంటకోసారి వేడి చూసేవారు. టేపు పాడవుతుందేమోనని ఒక భయం. పాడవకపోతే ఏం వినాల్సి వస్తుందోనని ఇంకో భయం. నలభై రెండేళ్ల కిందటి జ్ఞాపకం తప్పేమో, ఐవర్ నిజంగానే ఆలస్యంగా వాయించాడేమో, ఆ ఎనిమిది దరువులూ ఖాళీగా ఉంటే ఎంత బాగుండును అని తాను కోరుకున్నానని ఆయనే తర్వాత చెప్పారు. అలా కోరుకున్నందుకు ఆ కుర్చీలోనే సిగ్గుపడ్డానని కూడా చెప్పారు.

మర్నాడు టేపును కంప్యూటరులోకి ఎక్కించారు. ఆర్గన్ ట్రాకును విడిగా విన్న టెస్సా తెర మీద వేలు పెట్టింది.

"డెస్, ఇది చూశారా? ఆర్గన్ ఇక్కడే మొదలైంది. పాతదాంట్లో ఇది లేదే."

"ఉంది. నేనే మీట ఎత్తలేదు."

టెస్సా ఆయన వైపు తిరిగింది. "మీరా? ఆ నిశ్శబ్దం మీరు చేసిందా?"

"నేను కాదు. టీ కప్పు చేసింది."

"అయితే ఇక్కడ తెర మీద ఒక్క గీత గీసి శబ్దం ఆపేస్తే సరి, పాతదాని లాగే అయిపోతుంది. ఎవరికి తెలుస్తుంది చెప్పండి?"

"అదేనమ్మా నా భయం" అన్నారు క్రాడాక్ గారు. "ఎవరికీ తెలియదు."

కొత్త మిక్సు విడుదల కావాలంటే అన్నదమ్ములిద్దరూ విని సంతకం పెట్టాలి. గురువారం పదకొండింటికి వస్తామన్నారు. అప్పటికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆ ఎనిమిది రోజుల్లో క్రాడాక్ గారు పాటను రెండు విధాలుగా మిక్స్ చేశారు. ఒకదాంట్లో ఆర్గన్ సమయానికి వస్తుంది, ఇంకోదాంట్లో రాదు. ఏది వినిపించాలో తేలక, చేసిన పనినే మళ్లీ చేశారు.

గురువారం ఇద్దరూ వచ్చారు. క్లెమ్ గారికి డెబ్భై, ఐవర్ గారికి అరవై ఏడు. సోఫాకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో ఇద్దరి కోట్లూ ఉన్నాయి.

"ఏమయ్యా డెస్, కానియ్యి మరి" అన్నారు క్లెమ్. "ఇతగాడు నిద్రపోకముందే వినిపించెయ్."

ఐవర్ కిటికీ వైపు తిరిగారు.

క్రాడాక్ గారు లేచి నిలబడ్డారు. ముందుగా రాసుకున్న కాగితం జేబులోనే ఉండిపోయింది. కప్పు సంగతి, మీట సంగతి నాలుగు మాటల్లో చెప్పేశారు. ఎవరి మొహమూ చూడకుండా, ఆర్గన్ సమయానికి వచ్చే మిక్సును వేశారు. గొంతు ఆగింది. గిటార్లు ఆగాయి. తాళం మోత సన్నగిల్లకముందే దాని కిందనుంచి ఆర్గన్ మెల్లగా, ఎక్కడా తడబడకుండా పైకి వచ్చింది.

పాట అయిపోయింది.

"మళ్లీ వెయ్యి" అన్నారు క్లెమ్.

మళ్లీ వేశారు.

"ఒరేయ్ ఐవర్."

"ఊఁ."

"వాయించావురా."

"చెప్పాను కదా."

ఐవర్ గారు క్రాడాక్ గారి వైపు తిరిగారు. "అప్పుడు నీకెన్నేళ్లు?"

"పద్దెనిమిదండి."

"భయపడ్డావు. సరే. పంతొమ్మిదో ఏట చెప్పొచ్చుగా?"

ఆ ప్రశ్న ఈనాటికీ తనను తానే వేసుకుంటూ ఉంటానని క్రాడాక్ గారు అంటారు.

"ఇదే వెయ్యండి, ఇదే నిజం" అన్నారు క్లెమ్. "మా వాడు వాయించింది జనం వినాలి."

"వద్దు" అన్నారు ఐవర్.

"ఎందుకు వద్దురా?"

"నేను బాగానే వాయించాను. కానీ అక్కడ ఏమీ లేకపోవడమే ఇంకా బాగుంది. నలభై రెండేళ్లు ఒళ్లు మండుతూ విన్నవాణ్ని, నాకు తెలియదా? నువ్వు విన్నావు కదా, అది చాలు."

"అయితే ఇన్నేళ్లూ టీవీలో నేను చెప్పిన మాటో?"

"రేపటి నుంచి మానెయ్. అంతకన్నా నువ్వు చెయ్యగలిగింది ఏముంది?"

అలా నిశ్శబ్దమే ఉండాలని తేలింది. గీత గీస్తే ఒక్క క్షణంలో అయ్యే పని. క్రాడాక్ గారు ఒప్పుకోలేదు. అప్పుడు చేత్తో చేశాను, ఇప్పుడూ చేత్తోనే చేస్తాను అన్నారు. ఆర్గన్ మీట మీద వేలు పెట్టి కావాలని ఆలస్యం చేయబోయారు. పదకొండుసార్లు చేశారు. ఒకసారి తొందర, ఒకసారి జాప్యం, మిగిలినవన్నీ నటన. పన్నెండోసారికి ముందు క్లెమ్ గారు నడవాలోకి వెళ్లి, నిండా టీ ఉన్న కప్పు తెచ్చి, ఎవరినీ అడక్కుండా బల్ల అంచున పెట్టి స్పీకర్ల శబ్దం పెంచారు. కప్పు కదిలింది. క్రాడాక్ గారి చేయి మీట వదిలి దాని మీదికి పోయింది. చుక్క ఒలకలేదు. తిరిగి ఆయన మీట ఎత్తేసరికి, ఐవర్ గారు కళ్లు మూసుకుని వింటున్నారు.

ఇప్పుడు మీరు వింటున్న 'గ్రే ఫెర్రీ' అదే. సమయానికి వచ్చిన ఆర్గన్ రెండో డిస్కులో చివరన ఉంది. పాతదానికన్నా కొత్తది మెరుగేనా అని ఆ తర్వాత ఒక పత్రిక వారు అడిగితే, ఆయన మొదటిసారి సూటిగా జవాబు చెప్పారు: "పాట మెరుగుపడిందో లేదో నేను చెప్పలేను. ఒక మనిషికి తన మాట తనకు దక్కింది. అది పాత టేపు తెరిస్తేనే దొరికింది." రెండో ముద్రణ అట్ట లోపల, వాయిద్యకారుల పేర్ల వరుసలో, అన్నదమ్ములు పట్టుబట్టి ఒక పంక్తి వేయించారు. 'ఆర్గన్: ఐవర్ గార్‌ఫోర్త్' అన్నదాని కింద 'ఆర్గన్ ఆలస్యం: డి. క్రాడాక్' అని ఉంటుంది. మూడు వందలకు పైగా ఆల్బములకు పనిచేసిన ఆయన ఇంట్లో గోడకు కట్టించుకున్న అట్ట అదొక్కటే.

తన తప్పును దాచగలిగిన గీత చేతికింద సిద్ధంగా ఉండగా, దానిని గీయక, బాధపడిన మనిషి ఎదుట నిలబడి చెప్పగలిగిన సహోద్యోగితో పనిచేయడం మన సంస్థ అదృష్టం. నేలమాళిగ తాళంచెవి ఇక టెస్సా చేతికి వస్తుంది. ఆయనను ఇన్నేళ్లు మనకు అరువిచ్చిన ఆయన శ్రీమతి మేవిస్ గారికి మనందరి కృతజ్ఞతలు. క్రాడాక్ గారు నిండు ఆరోగ్యంతో, చెవులు చురుగ్గా, చేతులు నిలకడగా, ఏ గురువారానికీ భయపడనక్కరలేని రోజులు ఎన్నెన్నో గడపాలని మనసారా కోరుకుంటున్నాం. ముప్పయ్యో తేదీ సాయంత్రం నాలుగింటికి కంట్రోల్ రూములో తేనీటి విందు. గార్‌ఫోర్త్ సోదరులు ఒకే రైల్లో వస్తున్నారు. ఆ ఒక్క రోజుకు ఆయన నియమం సడలించారు. కప్పు మాత్రం ఎవరిది వారు పట్టుకోవాలట. ఆయన చేతులకు ఆ రోజు నుంచి సెలవు.