పడిపోని సర్వర్

రక్తపరీక్షల ల్యాబ్. యజమాని గదిలో ఆయనా, ఆయన అన్న కూతురూ. అక్కడి సర్వర్ చూసుకునేది ఆమే.

"అది కాదమ్మా, నాలుగేళ్లలో నీ సర్వర్ ఎన్నిసార్లు పడిపోయింది?"

"ఒక్కసారి కూడా పడలేదు బాబాయ్."

"అదే నేననేది. మరి నువ్వేం చేస్తున్నట్టు?"

"పడకుండా చూస్తున్నా."

"అది కనబడదు కదా. మా అల్లుడుగారిని చూడు. రెండో బ్రాంచిలో సర్వర్ నెలకి రెండుసార్లు పడిపోతుంది. తింటున్న కంచం ముందు నుంచి లేచి పరిగెత్తుతారు. చెమటలు కక్కుకుంటూ లేపుతారు. మొన్న చూస్తే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి."

"రిపోర్టుల కోసం బయట కూర్చున్నవాళ్లకీ తిరిగాయట."

"వెటకారం వద్దు."

"సరే, వద్దు. ఆయన ఫొటో గోడకి పెట్టించావుగా."

"కష్టపడేవాళ్లని మెచ్చుకోవద్దా? నువ్వేమో నెలకో ఆదివారం రెండు గంటలు సర్వర్ ఆపుతానంటావు. శుభ్రంగా నడిచేదాన్ని ఆపడమెందుకు?"

"దుమ్ము దులపడానికి. డిస్కు చచ్చిపోకముందే మార్చడానికి. దాచిన కాపీలోంచి పాత రిపోర్టులు నిజంగా తిరిగొస్తాయో లేదో చూడ్డానికి."

"వచ్చాయా?"

"ప్రతిసారీ."

"చూశావా, దండగ."

"సరే, దండగే. ఇంకా?"

"సర్వర్‌ని నడిపే ఆ లినక్స్ కూడా నీది ముసలిదట. అల్లుడుగారు ఆర్నెల్లకోసారి సరికొత్త రకం ఎక్కిస్తారు. తెర మీద ఆ రంగులేంటి, ఆ బొమ్మలేంటి..."

"సర్వర్ ఉండేది తాళమేసిన గదిలో బాబాయ్. ఆ రంగులు చూసేదెవరు, బల్లులా?"

"కొత్తది కొత్తదే."

"ఆ రకానికి ఏడాది తిరక్కుండానే తయారుచేసినవాళ్లే మరమ్మతులు ఆపేస్తారు. నాది పదేళ్లు ఇస్తామన్న రకం. దాని లోపాలన్నీ ఎప్పుడో బయటపడి, సర్దుకుని, చెప్పుకోడానికేమీ లేకుండా పడుంటుంది. సర్వర్‌కి కావాల్సింది అదే."

"ఏదైతేనేం, ఇద్దరు అనవసరం. రెండు బ్రాంచీలూ అల్లుడుగారే చూసుకుంటారు. ఒకటో తారీఖు నుంచి నువ్వు..."

"మానేయమంటున్నావా?"

"మానేయమని ఎవరన్నారు? రావద్దంటున్నా, అంతే."

"బాబాయ్, మా ఆయన షాపు మూసేసి ఆర్నెల్లయింది. ఇంట్లో నా జీతం ఒక్కటే."

"తెలుసు."

"తెలిసే అంటున్నావా? ఒక్కటి చెప్పు. పిన్నికి షుగర్ పరీక్ష ఏ బ్రాంచిలో చేయిస్తావు?"

"ఇక్కడే."

"ఎందుకు? అల్లుడుగారి బ్రాంచి మీ ఇంటి పక్కనేగా?"

"అక్కడ రిపోర్టులు... ఒక్కోసారి దొరకవు."

"మరి?"

"ఆ తలుపు వెయ్యి."

"వేశా. చెప్పు."

"రెండు చోట్లా నువ్వే చూడాలని నాకు తెలీదనుకున్నావా? నువ్వు బయటికెళ్తే ఎవరైనా పిలిచి ఉద్యోగమిస్తారు. వాడికి నేను తప్ప ఎవరిస్తారే?"