మాంసం ఉడికేదాకా

నారిన్ ఊరికి పైన పచ్చిక కొండలు. సాయంత్రం. వాగు ఒడ్డున సైకిళ్ళు పడేసి ఇద్దరు స్నేహితులు, ఉలాన్, కెరిమ్.

"సైకిలు ట్యూబు ఎక్కడ పెట్టావ్?"

"ఏ ట్యూబు?"

"మేదేర్ కాలికి కట్టుకున్నది. నువ్వు విప్పడం చూశాను కెరిమ్."

"నా సంచిలో ఉంది. అడుగున."

"ఎందుకు విప్పావ్?"

"ఎందుకేంటి? రేపు పాతిపెట్టేముందు వాణ్ణి కడిగేవాళ్ళు చూడరా? పడగానే పోయినవాడు కాలికి కట్టు ఎలా కట్టుకున్నాడని అడగరా? ఒక్క క్షణంలో పోయాడని చెబుదామనుకున్నాం కదా."

"నువ్వనుకున్నావ్. నేను ఊ అన్నాను, అంతే."

"అన్నావుగా. ఆ ఊ మీదే ఉండు."

"పడ్డచోటు నుంచి దారి దాకా పాకాడు వాడు. ఇరవై మీటర్లుంటుంది. రాళ్ళన్నీ చెదిరిపోయాయి. మనం వెళ్ళేసరికి ఇంకా వెచ్చగా..."

"నాకు చెప్పకు. నేనూ పట్టుకున్నాను వాణ్ణి."

"మనం దిగింది పదింటికి. మళ్ళీ పైకెళ్ళింది నాలుగింటికి. ఆరు గంటలు కెరిమ్."

"చెప్పకన్నానా."

"ఆ మూడో మలుపు దగ్గర వాడికోసం ఆగాల్సింది."

"ఈ నాలుగు రోజుల సైకిలు ప్రయాణంలో ఎక్కడాగాం? దిగుడు వస్తే చాలు, వాడు బ్రేకులు నొక్కిపట్టి దేక్కుంటూ వచ్చాడు, మనం కింద కూర్చుని టీ కాచుకున్నాం. ఇవాళా అంతే అనుకున్నాం."

"'ముసలమ్మా, నీకు పరుపు వేయించి ఉంచుతాంలే' అన్నావ్. వాడితో మన ఆఖరి మాట అదే."

"నువ్వు నవ్వావ్."

"నవ్వాను. కాదన్నానా? మన ఫోన్లు రెండూ నిన్ననే చచ్చాయి. అయినా పదకొండింటికే అన్నాను నీతో, వెనక్కెళ్ళి చూద్దామని."

"అప్పటికే వాళ్ళ నాన్న తోకోన్ ఆతా గొర్రెని తెచ్చి మన ముందు నిలబెట్టాడు. చేతులు చాచి దీవెన చెప్పాం. మనకోసం కోసిన గొర్రెని వదిలేసి గుమ్మం దాటితే ఆ ఇంటి మీద ఉమ్మేసినట్టే. నువ్వు దాటేవాడివా?"

"రెండోసారి లేచాను కూడా. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. మావాడు పుట్టినప్పట్నుంచీ నిదానమే, మాంసం ఉడికేలోపు వచ్చేస్తాడన్నాడు."

"నేను చెప్పేదీ అదే. కొడుకు ఆరు గంటలు బతికున్నాడని తెలిస్తే, వాడక్కడ పాకుతుంటే మనల్ని ఇక్కడ కూర్చోబెట్టింది తనేనని ఆయనకి తెలిసిపోతుంది. బతుకుతాడా ఇంక? మనకోసం కాదు ఉలాన్. ఆయన కోసం."

"మనకోసం కాదా?"

"మనకోసం కూడా. సరేనా? మనకోసం కూడా."

"మనం కబురు చెప్పిన పెద్దలేరీ మరి? ఇంతసేపా?"

"అసన్ గుడారం దగ్గర గుర్రాలకి జీనులు కడుతున్నారు. నలుగురూ కలిసి ఆయన గుడారానికి వెళ్ళి కూర్చుని మెల్లగా మాట తెస్తారు. అందాకా మన నోట ఒక్క ముక్క రాకూడదన్నారు. తండ్రికి అలాంటి కబురు కుర్రాళ్ళు చెప్పకూడదు."

"వాళ్ళు వెళ్ళేదాకా ఆయన గుడారంలో ఉంటే కదా. అటు చూడు."

"ఎవరు?"

"తోకోన్ ఆతా. గుర్రం మీద ఇటే వస్తున్నాడు."

"మొహం కడుక్కో. తొందరగా. నేను మాట్లాడతా, నువ్వు నోరెత్తకు."

"ఇక్కడున్నారా నాయనా? మావాడేడీ?"

"వస్తున్నాడు ఆతా. వెనకాల."

"వెనకాలంటే?"

"పైన. గొర్రెల కాపరి దగ్గర ఆగాడు."

"సైకిలు పాడైందా?"

"ఆ, సైకిలే. చక్రం."

"నీ చొక్కా మీదదేంటి కెరిమ్?"

"మట్టి ఆతా."

"మా కొండల్లో మట్టి ఎర్రగా ఉండదే."

"కిందకి దిగండి ఆతా. కాసిని నీళ్ళు తాగండి."

"అసన్ గుడారం ముందు నాలుగు గుర్రాలకి జీనులు కట్టి ఉన్నాయి. నలుగురు ముసలాళ్ళు మంచి టోపీలు పెట్టుకుని బయటికొచ్చారు. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయారు. నలభై ఏళ్ళుగా ఈ లోయలో ఎవరు పోయినా, ఆ ఇంటికి కబురు తీసుకెళ్ళే గుర్రాల్లో ఒకటి నాది. ఇవాళ నన్ను పిలవలేదు."

"ఆతా, పెద్దలొచ్చి..."

"పెద్దలొచ్చి ఏమంటారో నాకు తెలుసు. డేగ ఎగిరిపోయిందంటారు. ఎవరైనా ఈ లోకానికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళమే అంటారు. ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మీరు మామూలు మాటల్లో చెప్పండి. ఉన్నాడా, లేడా?"

"పెద్దలు..."

"లేడు ఆతా."

"ఉలాన్, నిన్ను నోరెత్తొద్దన్నానా."

"ఇంకెంతసేపు కెరిమ్? లేడు ఆతా. మేదేర్ లేడు."

"కళ్ళెం పట్టుకో. దిగుతాను. వద్దు, నన్ను పట్టుకోకు. గుర్రాన్ని పట్టుకో."

"ఇలా కూర్చోండి. ఈ రాయి మీద."

"ఎక్కడ?"

"మూడో మలుపు కింద."

"ఎలా?"

"దిగుడు మరీ నిలువుగా ఉంది ఆతా. బ్రేకు పట్టీ పట్టీ చక్రం కాలిపోయుంటుంది. ట్యూబు పేలి పక్కకి పడ్డట్టున్నాడు."

"ఇప్పుడు వాడి దగ్గర ఎవరున్నారు?"

"కాపరీ, వాళ్ళ అన్నా. కంబళిలో చుట్టి గుడారంలో పడుకోబెట్టారు. ఒంటరిగా లేడు."

"ఇప్పుడు ఒంటరిగా లేడులే. బాధపడ్డాడా?"

"లేదు. అస్సలు లేదు ఆతా. ఒక్క క్షణం. పడటం, పోవడం. తలకి తగిలింది. ఆ దెబ్బ ఉలాన్ కూడా చూశాడు."

"చూశావా ఉలాన్?"

"చూశాను."

"ఇటు నావైపు చూసి చెప్పు."

"చూశాను ఆతా. ఒక్క క్షణమే."

"ఎన్నింటికి?"

"పదింటికే అయ్యుంటుంది. మేం మీ గుడారానికి రాకముందే ఆతా. మీరు గొర్రెని పట్టుకోకముందే. మేం వెంటనే పైకెళ్ళినా చేసేదేం లేదు. మీరు మమ్మల్ని ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే. ఇందులో మీ తప్పేం లేదు."

"మంచి పిల్లలు మీరు."

"నిజం ఆతా."

"మంచి పిల్లలు. పెద్దల ముందు కూడా ఇలాగే చెప్పండి. వాళ్ళమ్మ అడిగితే ఇంకా గట్టిగా చెప్పండి. ఒక్క అక్షరం మార్చకండి."

"మార్చం ఆతా."

"నేనూ అదే చెబుతాను. ఈ మాట ఈ వాగు దాటకూడదు నాయనా, మీ ఇద్దరికే చెబుతున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా గుండె పగిలిపోతుంది. మధ్యాహ్నం మీ ముందు కాలేయం, కొవ్వు పెట్టినప్పుడు నాకు ఫోనొచ్చింది కదా. ఎవరని నువ్వడిగితే గుర్రాల బేరగాడన్నాను కెరిమ్. చేసింది మేదేర్. 'కాలు బెణికింది ఆతా, పెద్దగా ఏం కాలేదు, వాళ్ళకి చెప్పకు, నాలుగు రోజులుగా నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు. వాళ్ళని తిననివ్వు, నేనే మెల్లగా దిగొస్తా' అన్నాడు. గొంతు బాగానే ఉంది. నేను సరేనన్నాను."