గుడ్లబండికి పాత ఇంజను

పాత ఇంజన్ల షెడ్డు. చెక్కదిమ్మల మీద రెండు డీజిల్ ఇంజన్లు. వాటి ముందు ముగ్గురు: షెడ్డు నడిపే మెకానిక్, పికప్ బండిలో కోడిగుడ్లు చేరవేసే అతని బావ, ఆ బావ కూతురు.

"చెప్పానుగా, ఇంజను వేడెక్కినా ఎర్రలైటు వెలగలేదు."

"వెలిగింది బావా. ఇప్పుడూ వెలుగుతోంది. నీ బండి తాళం తిప్పి మరీ చూశాను."

"నువ్వు తిప్పితే వెలుగుతుందిరా, నేను తిప్పితే వెలగదు. అచ్చం మీ అక్క మొహంలాగే."

"రేడియేటర్లో చుక్క నీళ్ళు లేకుండా అంత దూరం తోలావు. ఇంజను పట్టేసింది. పిస్టన్లు ఊడదియ్యడానికి సుత్తి పట్టాల్సొచ్చింది. మధ్యలో మా అక్కేం చేసింది?"

"మీ అక్క ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది."

"నాన్నా, పోయిన ఇంజను గొడవ ఇప్పుడెందుకు? వచ్చే ఇంజను సంగతి చూడు."

"చూస్తూనే ఉన్నాగా అమ్మడూ. ఇదిగో, ఈ పచ్చరంగుది."

"అది నీలం నాన్నా."

"పచ్చో నీలమో, దానికేమన్నా పెళ్ళి చేస్తామా? ఒరే బావమరిదీ, దీని వయసెంత?"

"నీ కూతురికంటే పెద్దది. అది వద్దు బావా. ఇటు రా, ఈ చిన్నదాన్ని చూడు. కొత్తరకం. లోపల కంప్యూటరుంది. చప్పుడుండదు. ఏ జబ్బు చేసినా తనే లైటేసి చెబుతుంది."

"లైటేసి చెప్పేది నాకొద్దు. నోటితో చెప్పేది కావాలి."

"ఇంజనుకి నోరేంటి?"

"పాతదానికి ఉంటుంది. వేడెక్కితే గొణుగుతుంది. ఆయిల్ తగ్గితే కేకలేస్తుంది. చచ్చేముందు వీధి వీధంతా వినేలా పోట్లాడి మరీ చస్తుంది. నీ కొత్తది అలిగి, ఓ మూల లైటేసుకుని కూర్చుంటుంది."

"డీజిల్ తెగ తాగుతుంది."

"నువ్వు తాగట్లేదూ?"

"బరువు. ముందు చక్రాల మీది కమాన్లు కూర్చుండిపోతాయి."

"ఇంకో కమాను వెయ్యి."

"పొగ!"

"దోమలు పోతాయి."

"ఏమే మేనకోడలా, నువ్వైనా చెప్పవే. నిన్న ఫోన్లో చిన్నదే బాగుంటుందన్నావు కదా?"

"పెద్దదే బిగించు మామయ్యా."

"ఏంటీ?"

"నాన్నకి నచ్చింది కదా. అదే కానియ్యి."

"విన్నావురా? నా రక్తం! స్టార్ట్ చెయ్యి, దాని గొంతు విందాం."

"చేస్తున్నా. కాస్త పక్కకి జరుగు... అక్కడ చెయ్యి పెట్టకు, బెల్టుంది... బావా, అటు కాదు, ఇటు! ఇటు!"

"తెలుసులేరా, అరవకు. అబ్బబ్బ, వినండి! ఆయిల్ మూత తియ్యి, అరచెయ్యి పెట్టి చూడనీ... ఊహూ, ఊపిరి పెద్దగా తన్నడం లేదు. లోపల గట్టిగానే ఉంది. కానీ మూడో సిలిండరు దగ్గుతోంది, నాజిల్ మార్చాలి."

"అది ఇంజను కాదు బావా. గోడవతల వెల్డింగ్ తాత. ఆయనకి ఎప్పుడూ దగ్గే."

"అయితే ఆయనక్కూడా ఓ నాజిల్ మార్చు. సరే, ఇక ఆపు."

"తాళం తీశాను నాన్నా. ఆగట్లేదు."

"తాళం తీస్తే ఆగే జాతి కాదే అది! పంపు దగ్గర స్టాప్ వైరుంటుంది. అది లాగాలి. లాగితే డీజిల్ ఆగిపోతుంది, నోరు మూస్తుంది. ఇలాంటి వైరు మనుషులక్కూడా ఉండుంటేనా, మీ అక్కకి ముందు నేను... ఆ, ఆగింది. నేనలా గోడవతలికి వెళ్ళొస్తా. ఒరే, దారికడ్డంగా కూర్చున్నాడు, ఆయన్ని కాస్త లెమ్మను."

"ఎవర్ని బావా?"

"ఆ నల్లచొక్కా ఆయన్ని."

"అవి టైర్లు నాన్నా."

"తెలుసు. మర్యాద కోసం అన్నాను."

"వెళ్ళాడా మామయ్యా?"

"వెళ్ళాడు, గోడ తడుముకుంటూ. ఏంటే ఇది? నిన్నో మాట, ఇవాళో మాట?"

"ఆ స్టాప్ వైరు ఎంత పొడుగు పెట్టొచ్చు?"

"ఎంతైనా పెట్టొచ్చు. మామూలుగా అయితే కుడిపక్క, డ్రైవరు మోకాలి దగ్గర. ఏం?"

"ఎడమపక్కకి పెట్టు. నేను కూర్చునే సీటు కింద. కనబడకుండా."

"కనబడకుండానా! మీ నాన్నకి ఏనుగుని కట్టేసినా..."

"మామయ్యా!"

"తప్పే, తప్పు. చెప్పు."

"కంట్లో లైటేసి చూసి, నరం ఎండిపోతోందని నాతో చెప్పాడు డాక్టరు. అద్దాలు పెట్టినా, ఆపరేషన్ చేసినా, పోయిన చూపు రాదట."

"బావకి చెప్పాడా?"

"చెప్పబోయాడు. ముందు గోడ మీద అక్షరాలు చదవమన్నాడు. 'నాకు చదువు రాదండీ' అని నాన్న లేచొచ్చేశాడు."

"ఓరి నాయనో! పదో తరగతి రెండుసార్లు చదివిన మనిషే!"

"ట్రేలు దించాలని చెప్పి రోజూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటాడు. నేను 'నాన్నా, సైకిలు' అంటాను. 'చూశాన్లే' అంటాడు. 'నాన్నా, గేదె' అంటాను. 'నాకు కనబడదేంటే' అంటాడు. మొన్న కరెంటు స్తంభానికి హారన్ కొట్టాడు. ఎంతకీ తప్పుకోవట్లేదని దాన్ని బూతులు తిట్టాడు."

"హహ్హ! వీధిలో పిల్లలేమంటున్నారో తెలుసా? ఇన్నాళ్ళూ గుడ్లబండి అనేవాళ్ళు. ఇప్పుడు ల వత్తు పీకేసి, డ వత్తు పెట్టి, పైన గుడి కూడా కట్టారు."

"గుడ్డిబండి. తెలుసు. ఆ పిల్లల్లోనే ఒకడు బడి గేటు ముందు బండికి అడ్డమొచ్చాడు. నేను హ్యాండ్‌బ్రేకు లాగాను. ట్రేలన్నీ దొర్లిపోయాయి. బండికీ వాడికీ మధ్య జానెడు. అంతే. ఇప్పుడు నవ్వు మామయ్యా."

"నవ్వట్లేదమ్మా. బావేమన్నాడు?"

"పిల్లాణ్ణి చూడనేలేదు. బ్రేకు జామైందనుకుని దిగి చక్రాన్ని తన్నాడు."

"బండి మానెయ్యమని చెప్పండే!"

"అమ్మ చెప్పింది. అన్నం మానేశాడు, బండి మానలేదు. ఇక నేను చెప్పాలి. 'నీకు కళ్ళు కనబడవు నాన్నా' అని. నా నోటితో. నావల్ల కాదు మామయ్యా."

"అయితే ఆ వైరు..."

"ఇంట్లో బండి స్టార్ట్ చేస్తాడు. గేటు దాటకముందే లాగేస్తా. మళ్ళీ స్టార్ట్ చేస్తాడు, మళ్ళీ లాగేస్తా. కొత్త ఇంజను ఊరికే ఆగిపోతే అనుమానమొస్తుంది. పాతది ఆగితే ఎవరికొస్తుంది? ముసల్ది, మొరాయించిందనుకుంటాడు."

"ఆహా!"

"దిగి తిడతాడు. అప్పుడు నేనెక్కి స్టార్ట్ చేస్తా. నా చేతిలో ఆగదు. నాలుగు రోజులయ్యాక 'ఈ ముండ నీ మాటే వింటోందే, నువ్వే తోలు' అంటాడు. కోపం ఇంజను మీదకి పోతుంది. పోనీ. తన కళ్ళ మీదకి పోకూడదు."

"నీకసలు తోలడం వచ్చా?"

"కోళ్ళఫారం ఆవరణంతా తిప్పుతాను. లైసెన్సు కూడా వచ్చింది. అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు."

"కన్నతండ్రిని మోసం చెయ్యడానికి ఏకంగా ఇంజనే మార్పిస్తున్నావన్నమాట! అచ్చం మా అక్క పోలికే. సరేలే, ఎడమపక్కకే లాగుతా. సీటు కింద చిన్న రింగు పెడతా, వేలితో... ష్, వస్తున్నాడు."

"ఏంట్రా ఆ గుసగుసలు?"

"ఏం లేదు బావా. కమాన్లు. కమాన్ల గురించి."

"కమాన్లకి గుసగుసలెందుకురా? అవేమన్నా వింటాయా? తేల్చారా మరి?"

"పెద్దదే నాన్నా. నీకు నచ్చిందే."

"ఏదీ, ఇంకోసారి స్టార్ట్ చెయ్యి... ఆ. చాలు. ఆపు. ఆగాగు, నువ్వు కాదురా. అమ్మాయిని ఆపనీ."

"నేనా? నాకేం తెలుసు నాన్నా, ఎక్కడ లాగాలో..."

"నీకు తెలీదూ? పాపం. లాగు."

"ఇదిగో, లాగాను."

"చూశావా, ఎంత మెత్తగా ఆగిందో! ఎవరో ఆపారని అనిపించనే లేదు. ముసల్దానికి తనంతట తనకే నిద్రొచ్చినట్టుంది."

"సరే బావా, రేపట్నించి పనిలోకి దిగుతా. మౌంటింగులు, ఇంకో కమాను, వైర్లూ..."

"ఒరే బావమరిదీ."

"ఆ బావా?"

"నీ గోడ మరీ పల్చటిదిరా. వెల్డింగ్ తాత దగ్గు ఇటు వినబడుతోంది కదా. ఇక్కడి మాట అటు వినబడదూ?"

"నాన్నా..."

"ఉండు. ముందొకటి చెప్పు. ఆ బడి గేటు పిల్లాడు... తగల్లేదు కదా?"

"లేదు నాన్నా. నిజంగా తగల్లేదు."

"జానెడంటే, నీ జానెడా, నా జానెడా?"

"నాదే."

"నీది చిన్నదే అమ్మడూ."

"బావా, నామీద ఒట్టు, దాని ఉద్దేశం ఏంటంటే..."

"నువ్వు మూసుకోరా, నీకు విడిగా ఉంది. వత్తులు మారుస్తున్నావట, పెద్ద పంతులు! ఇప్పుడు విను. ఆ వైరు ఉండాల్సిన చోటే ఉండనీ. కుడిపక్క, డ్రైవరు మోకాలి దగ్గర."

"నాన్నా, అలా కాదు నాన్నా, వద్దు..."

"సీటు కింద రింగట, వేలట, ఎందుకొచ్చిన చాకిరీ! వైరుని ఎడమకి జరిపే బదులు, అమ్మాయిని కుడికి జరుపు. స్తంభాల్ని తిట్టడానికి నాకు ఎడమ సీటు చాలు."