మధ్యాహ్నం చూసిన తొమ్మిది ఎలుకలు

సభకు అధ్యక్షులుగా కూర్చున్న గుండె జబ్బుల డాక్టరు గారికి, వారి పక్కనున్న మా డైరెక్టరు గారికి, ఇన్నేళ్ళూ నా కోపాన్ని భరించిన తోటి ఉద్యోగులకు, ఎలుకల గది చూసుకునే పెద్దాయనకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్న మా తమ్ముడికి నమస్కారం. ఒరేయ్, నేనింకా మొదలే పెట్టలేదు, కాస్త ఆగు. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళంతా నన్ను ఆకాశానికెత్తేశారు. ఇవాళ రిటైరయ్యేదాకా ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరూ ఎత్తిన పాపాన పోలేదు గనక మొదట్లో బాగానే అనిపించింది. అరచేతిలో ఇమిడే ఎలుక, దాని ఛాతీలో బఠాణీ గింజంత గుండె, నిమిషానికి అయిదొందల సార్లు కొట్టుకునే ఆ గుండె గోడలను తెర మీద విడివిడిగా చూపించే చెయ్యి మా మేడమ్‌దే అన్నారు. ఆ చేతికి తప్పన్నది తెలియదని డైరెక్టరు గారు సెలవిచ్చారు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే తెలుసు. నా చేతికి తప్పు తెలుసు, ఆ సంగతి వారికీ తెలుసు.

మా పనేమిటో తెలియని బంధువులు కొందరు వచ్చారు, వాళ్ళ కోసం చెబుతాను. కడుపుతో ఉన్నవాళ్ళకి పొట్ట మీద జెల్లు రాసి చేసే స్కానింగు లాంటిదే ఇదీను, కాకపోతే మా మెషిను చాలా సన్నటి వివరాలు చూపిస్తుంది, పడుకునేది ఎలుక. మత్తు గాలి పట్టించి, వేడి పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్ళకూ టేపు అంటించి, ఛాతీ మీద బొచ్చు తీసి జెల్లు రాస్తాం. పడుకోబెట్టేటప్పుడు "రా నాన్నా" అంటానని మా వాళ్ళు వెక్కిరిస్తుంటారు. తమతో ఏనాడూ అంత మెత్తగా మాట్లాడలేదని మావారి ఫిర్యాదు. (నవ్వులు)

ఆ జెల్లు వెచ్చగా ఉండాలి. మనకైతే చల్లగా తగిలితే ఉలిక్కిపడి ఊరుకుంటాం. ఎలుక ఒళ్ళెంత? చెంచాడు చల్లటి జెల్లు పడితే ఒళ్ళు చల్లబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది, తెర మీద అసలుకంటే నీరసంగా కనిపిస్తుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ మొదటి రోజే నేను చెప్పే పాఠం ఇది, చెవి మెలిపెట్టి మరీ చెబుతాను.

ఈ ఏడాది పద్దెనిమిది ఎలుకలు వచ్చాయి, అన్నిటికీ గుండె జబ్బే. తొమ్మిదింటికి కొత్త మందు వేశారు, తొమ్మిదింటికి వెయ్యలేదు. ఏవి ఏవో నాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. పెద్దాయన పొద్దున ఒక పెట్టె తెచ్చేవారు, భోజనాలయ్యాక ఇంకో పెట్టె. పొద్దున జెల్లు సీసాను వేడి గిన్నెలో పెట్టి వాడాను. మధ్యాహ్నం బద్ధకించాను. అల్మారాలోంచి తీసి అలాగే పిండేశాను. కింద పలక వేడిగానే ఉంది కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. తీరా లెక్కలు తేలాక చూస్తే, మధ్యాహ్నం వచ్చినవి మందు వెయ్యనివి. వాటి గుండెలు చతికిలబడ్డాయి, మందు వేసినవి భేషుగ్గా ఉన్నాయి. అందరూ పండగ చేసుకున్నారు, నేను కూడా.

ఈ వారం పని అప్పగించడానికి పాత బొమ్మలన్నీ తిరగేస్తుంటే, ప్రతి బొమ్మ మూలనా మెషిను తనంతట తాను వేసే ఒంటి వేడి అంకె కంటబడింది. పొద్దుటివి ముప్పై ఏడు డిగ్రీలు, ఉండాల్సినంత. మధ్యాహ్నానివి ముప్పై మూడు, ముప్పై నాలుగు. ఆ అంకె చూడమని అందరి ప్రాణాలూ తీసేది నేనే మరి.

పరుగున వెళ్ళి డైరెక్టరు గారికి చెప్పాను. వారు తలుపు వేసి, "వెళ్ళేముందు మీకెందుకండీ ఈ గొడవ? ఇన్నేళ్ళ మంచి పేరు మీది. అడిగేవాళ్ళెవరూ లేరు. సోమవారం పరిశోధన పేపరు పత్రికకు పంపేస్తున్నాం, ఎలుకలనీ చంపేస్తున్నారు. హాయిగా సన్మానం చేయించుకోండి" అన్నారు. తలొంచుకోకండి సార్, మీ మాటే, ఒక్క అక్షరం మార్చలేదు. నా మంచి పేరును కాపాడమని నేనెవరినీ అడగలేదు. అది నాది, పోతే నేనే పోగొట్టుకుంటాను.

మా తమ్ముడి గుండె సగమే పనిచేస్తోంది. మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోతాడు. "అక్కా, మీ ఎలుకల మందు మాదాకా ఎప్పుడొస్తుందే?" అని నెలకోసారి అడుగుతాడు. మొన్న అడిగినప్పుడు మాట మార్చేశాను. ఒరేయ్, ఇందరి ముందు చెబుతున్నాను, ఆ మందు పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. మంచిదే కావచ్చు. తేలేదాకా నీ నోట్లో వెయ్యనివ్వను. నువ్వు నా మీద అలిగినా సరే.

మందు వేసిన తొమ్మిదింటినీ జెల్లు వెచ్చబెట్టి నిన్న మళ్ళీ చూశాను. మిగిలినవి ఇవాళ చూద్దామంటే పొద్దుటి నుంచీ ఫొటోలనీ భోజనాలనీ సభ అనీ నన్ను కదలనివ్వలేదు. మెషిను గదికి నా కార్డు అయిదింటిదాకా పనిచేస్తుంది. ఇప్పుడు మూడు కావస్తోంది. ఒక్కోదానికి పది నిమిషాలు చాలు. తప్పు చేసిన చెయ్యే మళ్ళీ చూస్తోందని అనుమానం రావచ్చు, రావాలి కూడా. అధ్యక్షులవారూ, రేపు ఈ మందు మనుషులకు రాసేది మీరే గనక, దయచేసి వచ్చి తెర పక్కన కూర్చోండి. ఏ అంకె వస్తే ఆ అంకె మీ చేత్తోనే రాసుకోండి.

నా తిట్లు తిని పని నేర్చుకున్న మీ అందరికీ, సభ పెట్టిన డైరెక్టరు గారికి కూడా, మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఆ జ్ఞాపిక మావారి చేతికిచ్చెయ్యండి, పట్టుకుని నిలబడే తీరిక నాకు లేదు. పెద్దాయనా, లేవండి. మధ్యాహ్నం పెట్టె తీసుకురండి.

సెలవు.